మట్టి ముద్ద చెప్పిన నిజం

మనలో చాలామంది సర్వీసు అంబాసిడర్ కారుతో ముడిపడి ఉన్నది. ఎక్కినవారు కొందరు, నడిపినవారు కొందరు. విప్పి బిగించినవాణ్ణి నేను.

కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 1957లో మొదలైన ఈ కారుకు తొలుత సైడ్ వాల్వు ఇంజను ఉండేది. అందులో వాల్వులు సిలిండరు పక్కన ఉంటాయి కనుక పిస్టనుకు తగిలే ప్రసక్తి లేదు. 1959లో 1489 సి.సి. ఓవర్ హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. వాల్వులు పిస్టను నెత్తిమీదికి చేరాయి. 1980ల మొదట్లో డీజిల్ ఇంజను వచ్చాక ఆ ఎడం మరీ తగ్గింది. డీజిల్‌లో గాలిని గట్టిగా నొక్కాలి కనుక పిస్టను దాదాపు హెడ్డును తాకేటంత పైకి వస్తుంది. హెడ్డు వంగిందని ఫేసింగ్ చేయించిన ప్రతిసారీ ఉన్న ఎడంలో కొంత పోతుంది.

అందుకే పరీక్ష చేయాలి. పిస్టను మీద కాస్త నూనె రాసి, వాల్వులకు ఎదురుగా మెత్తని మట్టి పరచాలి. గాస్కెట్టు వేసి, హెడ్డు సరైన బిగువుకు బిగించి, టాపెట్లు సరిచేసి, క్రాంకు చేత్తో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా పట్టేస్తే బలం చేయరాదు. తర్వాత హెడ్డు విప్పి, మట్టిని బ్లేడుతో కోసి, మిగిలిన మందం కొలవాలి. పాత పెట్రోలు ఇంజన్లకు ఇన్‌లెట్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్టు వైపు 2.5 మి.మీ. ఉండాలని మెకానిక్కుల లెక్క. ఎగ్జాస్టు వాల్వు మూసుకొంటుండగా పిస్టను వెనకనే తరుముకొస్తుంది. అందుకే ఆ అదనం. డీజిల్‌కు మాత్రం కంపెనీ పుస్తకమే ప్రమాణం.

ఇంత తెలిసీ 1986లో నేను ఆ పరీక్ష చేయలేదు. తెల్లవారితే అధికారిగారి క్యాంపు. నాలుగుసార్లు ఫేసింగ్ అయిన డీజిల్ హెడ్డు. "మట్టి పెట్టి చూద్దామా, గురువుగారూ?" అన్నాడు హెల్పరు. "టైము లేదురా, బిగించు" అన్నాను. స్టార్టు చేయగానే టకటక చప్పుడు. రెండు వాల్వులు వంగిపోయాయి. విచారణలో "హెల్పరు బిగించాడు" అని రాసిచ్చాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. అతనికి ఒక ఇంక్రిమెంటు ఆగింది, అదీ క్యుములేటివ్ ఎఫెక్టుతో. దాని అర్థం మీకు నేను చెప్పనక్కరలేదు. ఈనాటికీ అతని పెన్షన్‌లో నెలనెలా ఆ తరుగు ఉన్నది.

ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. గత ఏడాది మా మనవడు ఒక పాత డీజిల్ అంబాసిడర్ కొని బాగుచేస్తుంటే అతన్ని పిలిచాను. మట్టి అతనే పెట్టాడు, క్రాంకు నేను తిప్పాను. కొలత సరిపోయింది. అప్పుడు ఆ మాట ఎత్తి క్షమించమన్నాను. "పోనివ్వండి గురువుగారూ, ముందు హెడ్డు బిగిద్దాం" అన్నాడు.

ఆ రోజు టైము లేదన్నది నేను. బిగించమన్నదీ నేనే. ఫైలులో రాయని ఆ వాక్యాన్ని మన సంఘం పత్రికలో, అతని కుటుంబం కూడా చదివేచోట, ఇప్పుడు రాస్తున్నాను.