విడాకులలో స్వగృహ విభాగము (అమెరికా సంయుక్త రాష్ట్రములు)

దంపతులు విడిపోవునపుడు వారి నివాసగృహము యొక్క విలువను ఇరువురకును పంచు న్యాయవిధానము. ఇంటి ధరనుండి దానిపై తీరక నిలిచిన తాకట్టు ఋణమును తీసివేయగా మిగులునదే విభాగార్హము: 4 లక్షల డాలర్ల ఇంటిపై రెండున్నర లక్షల అప్పున్నచో పంపకమునకు వచ్చునది లక్షన్నర మాత్రమే.

ఆంగ్ల సామాన్య న్యాయము ననుసరించిన తూర్పు రాష్ట్రములందు వివాహితకు భర్తనుండి వేరైన న్యాయవ్యక్తిత్వము లేకుండెను. 1839లో మిసిసిపీయు, 1848లో న్యూయార్కును చేసిన చట్టములు ఆమె ఆస్తిని ఆమెకే నిలిపినను, దస్తావేజు ఎవరి పేర నున్న ఇల్లు వారిదే యను సూత్రము చెక్కుచెదరకుండుటచే, భర్త పేర కొనిన ఇంట చిరకాలము సంసారము నడపిన భార్యకు భరణమే శరణ్యమయ్యెను.

స్పెయిను న్యాయము మెక్సికో మీదుగా సంక్రమించిన కాలిఫోర్నియాలో మాత్రము వివాహానంతరార్జితము ఉభయులకును సమష్టి ధనమని 19వ శతాబ్ది మధ్యమునుండియే చెల్లుచుండెను; అయినను దాని నిర్వహణాధికారమున భార్యకు సమభాగము 1975లోగాని లభింపలేదు. 1970లో అమలునకు వచ్చిన కుటుంబ చట్టము, తప్పొప్పుల విచారణతో నిమిత్తములేకయే, సమష్టి ధనమును సరిసగముగా పంచుటను సామాన్య నియమము గావించెను. వివాహమునకు ముందే ఒకరు కొనిన ఇంటి ఋణమును పెండ్లియైన పిదప జీతపు సొమ్ముతో తీర్చినచో, తీరిన అసలునందును, పెరిగిన ధరయందును సమష్టికి దామాషాగా భాగము కలదని 1980లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము తీర్మానించెను.

ఆ యేడే న్యూయార్కు దస్తావేజు సూత్రమును విడిచి, వివాహకాల పరిమితిని, గృహిణి సేవలను, బిడ్డలను పెంచువారికి ఆ ఇంటనే నివసింపవలసిన అవసరమును గణించి పంచు న్యాయోచిత విభాగమును స్వీకరించెను. అది సమవిభాగమే కానక్కరలేదు. సమష్టి ధన రాష్ట్రమైన టెక్సాసునందును న్యాయసమ్మతమైన పంపకమే విధిగాని సరిసగము కాదు.

ఆచరణలో ఇల్లమ్మి సొమ్ము పంచుకొనుట, ఒకరు క్రొత్త ఋణము తెచ్చి రెండవవారి భాగమును చెల్లించి ఇల్లు నిలుపుకొనుట, పిల్లలు పెద్దవారగువరకు అమ్మకమును వాయిదా వేయుట యను మూడు మార్గములు ప్రసిద్ధములు. విడాకులచే ఇల్లు ఒకరి వశమైనంతమాత్రమున, అందు నివసించువారినుండి ఋణదాత బాకీ నంతయు నొక్కసారిగా కోరరాదని 1982 నాటి కేంద్ర చట్టము నిషేధించెను; ఇట్టి బదిలీలపై 1962 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో స్థిరపడిన ఆదాయపు పన్ను బాధ్యతను 1984లో కాంగ్రెసు తొలగించెను.

కాలిఫోర్నియా, టెక్సాసులందు స్థిరపడిన తెలుగు కుటుంబములకును ఈ న్యాయమే వర్తించును. భారతదేశపు 1955 నాటి హిందూ వివాహ చట్టములోని 27వ సెక్షనైతే వివాహసమయమున కానుకగా వచ్చి ఉభయులకు చెందిన ఆస్తిని గూర్చియే పలుకును. పిదప కొనిన ఇంటిని అది స్పృశింపదు.