సముద్రపు అడుగున ప్రతిధ్వనులు

హైదరాబాదు పాతనగరములో ఫిసల్‌బండ అను పేట కలదు. తెలుగులో జారుడుబండ అనవచ్చును. 1901లో నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండునుండి పెద్ద దుర్భిణిని తెప్పించి, అచ్చట తన ఎస్టేటులో ఒక వేధశాలను నెలకొల్పెను. 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటకు తరలించినది. నిజామియా వేధశాల అదే. నక్షత్రముల పట్టికలను తయారుచేసినందుకే దానిని తలచుకొందురు గాని, అచ్చట మిల్నె–షా భూకంపలేఖిని కూడ పనిచేసినదను సంగతి చాలమంది ఎరుగరు. ఆకాశమును చూచుటకు పెట్టిన ఇల్లు నేలను కూడ విన్నది.

అయితే భూకంపలేఖిని కాచుకొని కూర్చుండునదే. ఎక్కడో భూమి అదరవలెను, అప్పుడు అది వ్రాయవలెను. భూమి లోపల ఏమున్నదో మనకై మనము తెలిసికొనవలెనన్నచో, మనమే అదురు పుట్టించవలెను. సంతలో కుండను కొనువారు వ్రేలితో తట్టి చూచుట ఇటువంటిదే. 1912లో టైటానిక్ ఓడ మునిగిన పిమ్మట ఫెసెండెన్ అను ఇంజనీరు 1914లో మంచుకొండనుండి ప్రతిధ్వనిని రాబట్టెను. 1921లో కార్చర్, అతని సహచరులు ఓక్లహోమాలో మందు పేల్చి, నేలలోని రాతిపొరలనుండి ప్రతిధ్వనులను పట్టిరి.

హైదరాబాదులో 1961లో జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ ఏర్పడినది. 1970 తరువాతి సంవత్సరములలో ఈ సంస్థవారు సోవియట్ శాస్త్రజ్ఞుల సహకారముతో నెల్లూరు జిల్లాలోని కావలినుండి పడమటి తీరమున ఉడుపి వరకు దాదాపు 600 కిలోమీటర్ల పొడవున ఇట్టి పేలుళ్ళతో భూపటలమును పరిశీలించిరి. ఆ గీత సముద్రపు ఒడ్డున ఆగినది. కాని రాళ్ళు, మట్టిపొరలు ఒడ్డున ఆగవు గదా!

సముద్రముపై పని ఒక విధముగా సులభము. ఓడ సాగిపోవుచునే యుండును. మొదట నీటిలో డైనమైట్ పేల్చెడివారు; దానితో చేపలు చచ్చెడివి. 1960 తరువాత బిగించిన గాలిని ఒక్కసారిగా వదలు గాలితుపాకి వచ్చినది. ఓడవెనుక కొన్ని కిలోమీటర్ల పొడవున్న త్రాడువంటి గొట్టము తేలుచు వచ్చును. దానిలో వరుసగా హైడ్రోఫోనులు, అనగా నీటిలో వినెడి చెవులు, అమర్చియుండును.

ఒక లెక్క చూడుడు. నీటిలో శబ్దవేగము సెకనుకు సుమారు 1500 మీటర్లు. ధ్వని అడుగుకు పోయి తిరిగి వచ్చుటకు 1.4 సెకన్లు పట్టినచో, లోతు 1500×1.4÷2, అనగా 1050 మీటర్లు. చార్మినారులను ఒకదానిపై ఒకటిగా పందొమ్మిదింటిని నిలిపినంత లోతు! ఇంతవరకు హైస్కూలు విద్యార్థి కూడ చేయగలడు. చిక్కు దీని తరువాతనే వచ్చును. అడుగునుండి లేచిన ధ్వని నీటిమట్టమునకు తగిలి, మరల క్రిందికి పోయి, రెండవసారి 2.8 సెకన్లకు తిరిగి వచ్చును. తెలియనివాడు దానిని మరియొక పొర అనుకొనును. అలలు, ఓడయంత్రము చేయు రొద సరేసరి.

అందుచేత ఒకే బిందువును ఓడ ముందుకు సాగుచుండగా పలుమార్లు తట్టెదరు. ఆ రికార్డులను, దూరమునుబట్టి వచ్చిన ఆలస్యమును సవరించి, కూడెదరు. 36 రికార్డులు కూడినచో నిజమైన ప్రతిధ్వని 36 రెట్లు పెరుగును. క్రమములేని రొద 6 రెట్లే, అనగా 36 వర్గమూలమంతే, పెరుగును. నా దృష్టిలో ఈ శాస్త్రమంతటిలో అందమైన భాగము ఇదే. ఓడపై జరుగు పనికంటె గణకయంత్రము ముందు జరుగు పని తక్కువది కాదు.

కృష్ణా–గోదావరి తీరపు లోతునీటి రికార్డులలో ఒక వింత రేఖ కనబడినది. అది మట్టిపొరలను అడ్డముగా కోయుచు, సముద్రపు అడుగు ఎట్లు వంగిన తాను అట్లే వంగును. పైగా దాని తరంగము తలక్రిందులై యున్నది: అడుగునుండి వచ్చిన ప్రతిధ్వనిలో శిఖరమున్నచోట దీనిలో లోయ. గట్టి పొర క్రింద ధ్వని మెల్లగా పోవు పొర ఉన్నప్పుడే ఇట్లు జరుగును. మీథేన్ వాయువు, నీరు కలిసి మంచువలె గడ్డకట్టిన హైడ్రేటు పైన, విడివాయువు క్రింద ఉన్నవని శాస్త్రజ్ఞులు ఊహించిరి. లోతుకు పోనుపోను వేడి హెచ్చును గనుక, ఒక హద్దు దాటిన తరువాత హైడ్రేటు నిలువదు. ఆ హద్దు అడుగుకు సమాంతరముగానే ఉండును. ఒక ఘనమీటరు హైడ్రేటునుండి సుమారు 164 ఘనమీటర్ల వాయువు వచ్చును. అందుచేత ఆ రేఖ అంత విలువైనది. పాత రికార్డులను హైదరాబాదు సంస్థలో మరల మరల శుద్ధి చేసి, దానికై వెదకిరి.

కాని ప్రతిధ్వని సాక్ష్యమే గాని వస్తువు కాదు. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అను ఓడ వచ్చి తొలిచి చూచినది. కేరళ–కొంకణ తీరమున తొలిచినచోట హైడ్రేటు లేదు. కృష్ణా–గోదావరి ప్రాంతమున, వేయి మీటర్లకు మించిన నీటిక్రింద, పదవ స్థానమున సుమారు 130 మీటర్ల మందమున హైడ్రేటు దొరకినది! అయితే అది పొరలుగా లేదు. బంకమట్టి పగుళ్ళలో నిలువు సిరలుగా ఉన్నది. పొర అని భావించి వేసిన లెక్కలు, ఒత్తిడి చెడకుండ పైకి తీసిన మట్టికడ్డీలలో తేలినదానికంటె చాల ఎక్కువ చూపినవి. సిరల వాలును లెక్కలోనికి తీసికొన్న పిమ్మటనే రెండును దగ్గరపడినవి.

2015లో జపాను ఓడ చిక్యూ అదే సముద్రములో మరల తొలిచినది. ఈమారు వాయువును తేలికగా విడువగల ఇసుకపొరలలో హైడ్రేటు కనబడినది.