సముద్రపు గట్టు

రేణిగుంట నివాసినగు నేను సముద్రపు గట్టును గూర్చి మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. మాది చెరువుల సీమ. వానకాలమున కట్టకు గండి పడెనన్న మాట వినబడినచో ఊరెల్ల పారలు, తట్టలు తీసికొని పరుగెత్తవలసినదే. కావున గట్టు విలువ మాకు ఒకరు చెప్పనక్కరలేదు.

కాని చెరువు కట్టకు అలుగు కలదు; మిగులు నీరు దానిమీదుగా పొర్లిపోవును. సముద్రపు గట్టుకు అలుగు లేదు. అల వచ్చి గోడను గ్రుద్ది, వెనుకకు మరలుచు పాదము క్రింది ఇసుకను ఊడ్చుకొనిపోవును. పైన రాయి చెక్కుచెదరకున్నను క్రింద పునాది డొల్లయగును. గోడకు ముసలితనము వచ్చుట యనగా ఇదియే.

మా స్టేషనునుండి అరక్కోణము మీదుగా రైలు చేరు చెన్నపట్టణమే దీనికి సాక్షి. 1906లో జార్జిటౌను అని పేరు మారిన బ్లాకుటౌనులో తెలుగు వర్తకుల అంగళ్లును, నివాసములును మెండుగా నుండెడివి. పందొమ్మిదవ శతాబ్ది మొదటి పాదమున సముద్రము ఆ పేట అంచును కోయుచుండగా, కంపెనీ ఇంజనీరు డి హావిలాండు అచ్చట రాతి గట్టు కట్టించెను.

ఆ కాలమున పట్టణమునకు రేవు లేదు. ఓడలు దూరమున లంగరు వేయగా, మసూలా పడవలు అలలకు ఎదురీది సరకు దింపెడివి. 1876లో సముద్రములోనికి రెండు రాతి బాహువులను చాచి రేవు నిర్మింపసాగిరి. 1881 నవంబరు తుపాను వానిని భగ్నము చేసెను. మరల కట్టిరి. ఈసారి తుపానుకంటె నెమ్మదియైన శత్రువు ఎదురయ్యెను, అది ఇసుక.

ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణపు అలలు తీరమువెంట ఇసుకను ఉత్తరమునకు నడిపించును. రేవు గోడ దానిని అడ్డగించెను. దక్షిణమున ఇసుక మేటవేసి మెరీనా విశాలమయ్యెను. 1880 తరువాతి దశాబ్దిలో గవర్నరు గ్రాంట్ డఫ్ అచ్చట విహారమార్గము వేయించెను. ఉత్తరమున రాయపురము, తిరువొత్తియూరు తీరములకు రావలసిన ఇసుక రాలేదు. సముద్రము నేలను కబళింప మొదలిడెను. 1856లో దక్షిణదేశపు మొదటి రైలు బయలుదేరినది ఆ రాయపురమునుండియే.

అచ్చట రాళ్లు పోసిరి. రాళ్లు క్రుంగిన కొలది మరల పోసిరి. గట్టు ముగిసినచోట కోత మొదలగును. దానికి ఇంకొక గట్టు! రోడ్డు నిలిచెను గాని, జాలరి పడవను లాగుకొని వల ఆరవేసికొను ఇసుక నేల పోయెను. ఈ నష్టము ఏ అంచనాపట్టికలో చేరును?

1933లో ఓడల రాకపోకలకు తెరచిన విశాఖపట్టణపు రేవులో వేరొక ఉపాయము కలదు. దక్షిణమున చేరిన ఇసుకను త్రవ్వి ఉత్తరపు తీరమున పోయుదురు. దీనితో కోత పూర్తిగ ఆగలేదు. ఇది ఏటేట చేయవలసిన సేవ. అయినను, బాకీపడిన ఇసుకలో కొంతయైన తీర్చుట న్యాయము.

ముసలి గోడను తీసి కొత్తగోడ నిలుపుటకు పూనుకొనువారు పాదమున బరువైన రాళ్లను వాలుగా పేర్చవలయును. వానిక్రింద ఇసుక జారకుండ చిన్నరాళ్ల పొర వేయవలయును. ఇంతటితో చాలదు. మా పెద్దలు చెరువు బాగుచేయునపుడు కట్టనొక్కటే చూడరు. నీరు వచ్చు వంకను, పూడికను, అలుగును, క్రింది మడిని కూడ చూచెదరు. సముద్రతీరమునకును అట్టి చూపే కావలయును. మన గోడవలన ఉత్తరపు పొరుగువాని ఇల్లు కూలినచో, మనము ఆపినది సముద్రమును కాదు. దానిని అతని వాకిటికి పంపితిమి, అంతే.