చెల్లని నోటు విలువ : మెక్సికో కాగితపు ద్రవ్య చరిత్ర

పాత నాణెములను సేకరించుటయందు ఆసక్తి గలవారు మన దేశమున అనేకులు గలరు. నాణెమునకు లోహమే పూచీ. దానిని ముద్రించిన రాజ్యము అంతరించినను వెండి వెండిగనే నిలుచును. కాగితపు నోటు అట్టిది కాదు. ఇచ్చినవాని మాటయే దానికి ప్రాణము. ఆ మాట తప్పిన దినమున అది చిత్తుకాగితమగును. అట్లు చిత్తుకాగితములైన నోట్లకు మెక్సికో దేశ చరిత్రలో కొదువ లేదు. వానిని నేడు దేశదేశముల సేకర్తలు ధనమిచ్చి కొనుచున్నారు. ఏ నోటుకు ఎంత యీయవచ్చునో నిర్ణయింపవలెనన్న, అది ఎట్లు పుట్టినదో, ఎట్లు చెల్లకుండ పోయినదో ముందుగా తెలియవలెను.

మెక్సికో వెండిగనులకు పేరొందిన దేశము. మూడువందల యేండ్లు స్పెయిను పాలనలో నుండి 1821లో స్వతంత్రమైనది. మరుసటి సంవత్సరము చక్రవర్తియైన అగస్టీన్ ఇతుర్బీదేకు దక్కినది వట్టి ఖజానా. అందుచేత ఆతడు 1822 డిసెంబరులో శాసనము చేసి, 1823లో 1, 2, 10 పెసోల నోట్లను విడుదల చేయించెను. ప్రభుత్వపు చెల్లింపులలో మూడవ వంతు కాగితముగను, తక్కినది నాణెములుగను ఇచ్చునట్లు ఏర్పాటు. వెండికి అలవాటుపడిన ప్రజలు ఈ కాగితమును నమ్మలేదు. 1823 మార్చిలో చక్రవర్తి సింహాసనమును వదలెను. తరువాత వచ్చిన ప్రభుత్వము ఒక విచిత్రమైన ఉపాయము పన్నినది. పోపుగారి పేర వెలువడిన పాత మతశాసన పత్రముల వెనుకవైపున క్రొత్త నోట్లను అచ్చువేయించినది. ఆ కాగితమునకు దొంగనోటు చేయుట కష్టము. పోపుగారి పేరు గలదానిని భక్తులు త్రోసిపుచ్చరని ఆశ. అయినను జనులకు నమ్మకము కలుగలేదు. నాడు నమ్మకము నోచుకొనని ఆ పత్రములే నేడు సేకర్తలకు మిక్కిలి ప్రియమైనవి.

అటుపిమ్మట చాలకాలము కాగితపు ద్రవ్యము జోలికి ఎవ్వరును పోలేదు. 1864లో ఒక బ్రిటిషు బ్యాంకు మెక్సికో నగరమున శాఖ తెరచి నోట్లను వెలువరించెను. 1884లో రెండు బ్యాంకులు కలిసి మెక్సికో నేషనల్ బ్యాంకు ఏర్పడినది. 1897 నాటి బ్యాంకుల చట్టము తరువాత అనేక రాష్ట్రములలో నోట్లు వెలువరించు బ్యాంకులు వెలసినవి. న్యూయార్కులోని అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ వీనిలో పెక్కింటిని అందమైన చెక్కడపు బొమ్మలతో ముద్రించినది. ఈ నోటు చూపినవారికి బ్యాంకు నాణెము లిచ్చెడిది. అట్లు తిరిగివచ్చిన నోట్లను రద్దుచేసి నాశనము చేయుట బ్యాంకుల వాడుక.

1910లో విప్లవము చెలరేగెను. 1913 ఫిబ్రవరిలో అధ్యక్షుడు మదేరో హత్యకు గురికాగా, సేనాని హుఎర్తా అధికారము చేజిక్కించుకొనెను. ఆతనిని ఎదిరించిన కర్రాన్సా, సైన్యపు ఖర్చులకై 1913 ఏప్రిలులో 50 లక్షల పెసోల నోట్లకు ఉత్తరువిచ్చెను. ఉత్తరమున చివావా రాష్ట్రమును గెలిచిన పాంచో విల్యా తన నోట్లను తాను వేయించెను. వానిలో కొన్నింటిని జనులు 'దుప్పట్లు' అనిరి. మదేరో, అబ్రహాం గోన్సాలేస్ అను ఇరువురి బొమ్మలు గలవానిని 'రెండు మొగములు' అనిరి. విప్లవకాలపు నోట్లన్నింటికిని కలిపి 'బిలింబికే' అని ఎగతాళి పేరు పెట్టిరి. 1915 జనవరిలో కర్రాన్సా సేనాని ఒబ్రెగోన్ రాజధానిని పట్టుకొనగా, విల్యా నోట్లు అచ్చట చెల్లవని ప్రకటింపబడెను. నిన్న సంతలో మొక్కజొన్న కొనిపెట్టిన కాగితమునకు నేడు పిడికెడు గింజలును రావయ్యెను.

దొంగనోట్లు వెల్లువెత్తుటచే కర్రాన్సా 1916లో 'దొంగనోటు చేయ శక్యము కానిది' అను అర్థము గల పేరుతో క్రొత్త నోట్లను న్యూయార్కులో అచ్చువేయించెను. పెసో ఒక్కింటికి 20 బంగారు సెంటావోల విలువ యని పూచీ. కొలది నెలలలోనే ఆ విలువ కరగిపోయెను. కూలి కాగితముగా వచ్చుచుండెను; ధరలు మాత్రము లోహమును బట్టి పెరుగుచుండెను. బంగారపు విలువకు సరిపోవు కూలి కావలెనని 1916 జులై 31న రాజధానిలోని కార్మికులు సార్వత్రిక సమ్మె కట్టిరి. దీపములు ఆరినవి, ట్రాములు నిలిచినవి. కర్రాన్సా 1862 నాటి చట్టమును వెలికితీసి, సమ్మె చేయించువారికి మరణదండన యని చాటెను. విద్యుత్ కార్మిక నాయకుడైన ఎర్నెస్తో వెలాస్కోకు మరణశిక్ష పడి, తరువాత తప్పిపోయెను. సమ్మె అణగినది గాని నోటు నిలువలేదు. ఆ సంవత్సరాంతమునకే దేశము మరల లోహపు నాణెములకు మరలెను.

1925 సెప్టెంబరు 1న బ్యాంక్ ఆఫ్ మెక్సికో నెలకొన్నది. దాని తొలి 5 పెసోల నోటుపై ఒక యువతి ముఖము గలదు. జనులు దానిని 'జిప్సీ పిల్ల' యనిరి. ఆమె ఆర్థికమంత్రికి ప్రియురాలైన నటి యని వదంతి పుట్టినది. నిజమునకు ఆ చెక్కడము 1910లోనే ముద్రణ కంపెనీ సిద్ధము చేసియుంచుకొన్నది. కథ రంజుగా నున్నదని సేకర్త దానికి వెల కట్టరాదు.

మఱి వెల దేనికి కట్టవలెను? మొదట చూడవలసినది నోటు స్థితి: మడత, చిరుగు, మరక, అంచుల అరుగుదల. మురికి పోవునని కడుగుటయు, మడత పోవునని ఇస్త్రీ చేయుటయు నోటును పాడుచేయును. పిమ్మట చూడవలసినవి సంతకములు, క్రమసంఖ్య, ముద్రలు. విప్లవకాలమున అధికారులు పాత నోట్లపై చెల్లునని మరల వేసిన ముద్రలు ఆ నోటు ఏ సైన్యపు ఏలుబడిలో తిరిగినదో తెలుపును. నాటి దొంగనోట్లు కూడ నేటికి వందయేండ్లు దాటినవే గావున, కాగితము పాతదైనంతమాత్రమున అసలుదని తలపరాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది, ఎన్ని మిగిలియున్నవి యన్నదే. ఇచ్చట ఒక వింత గలదు. బ్యాంకు మాట నిలుపుకొన్న నోటు తిరిగిపోయి నాశనమైనది. మిగిలినది స్వల్పము, వెల యధికము. మాట తప్పిన నోటు ఎచ్చటికిని పోలేక ఇంటి పెట్టెలలోనే పడియుండినది. అందుచే బిలింబికేలలో సాధారణమైనవి నేటికిని స్వల్పమైన వెలకే లభించుచున్నవి. నెలజీతముపై బ్రదుకు మనవంటివారు అట్టి నోటును చేతబట్టినపుడు దాని నేటి వెలతోపాటు మఱియొకటి తలపవలెను: ఎవరో ఒకరు పనిచేసి, కూలిగా పుచ్చుకొని, మార్చుకొనలేకపోయిన కాగితమది.