సిపాయి కంచం: ఉత్తర సర్కారుల బెరిబెరి చెప్పే పాఠం

దోహా నుంచి దుఖాన్ వెళ్ళే రహదారి మీద, ఎడారి మొదలయ్యే చోట ఉన్న ఊరు అల్ షహానియా. ఒంటెల పందాలకు ఖతార్‌లో పేరుపడ్డ ఊరిది. పందెపు ఒంటెలకు బార్లీ, ఖర్జూరం, అల్ఫాల్ఫా గడ్డి, పాలు, తేనె లెక్క ప్రకారం పెడతారు. ఎప్పుడు పరుగెత్తాలో, ఎంత తినాలో ఒంటె నిర్ణయించుకోదు, శిక్షకుడు నిర్ణయిస్తాడు. సైనికుడి సంగతి కూడా చాలావరకు ఇంతేనని నాకు తోచడానికి కారణం ఒక రోగి.

ఇక్కడ నేను చూసేవారిలో మన మాజీ సైనికులు కొందరుంటారు. పదిహేను, పదిహేడేళ్ళు భారత సైన్యంలో పనిచేసి, నలభై నిండకముందే పింఛను పుచ్చుకుని, సెక్యూరిటీ ఉద్యోగాలకు వచ్చినవారు. గోదావరి జిల్లాకు చెందిన ఒకాయనకు మధుమేహం అదుపు తప్పింది. “పటాలంలో ఉన్నప్పుడు ఇలా లేను డాక్టరుగారూ,” అన్నాడు. “తెల్లవారుజామునే పరుగు, లంగర్లో రొట్టె, పప్పు. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నమే. పరుగెత్తమనేవాళ్ళూ లేరు.” ఆ మాటలో ఫిర్యాదు కన్నా సిగ్గే ఎక్కువగా వినిపించింది. తన అనారోగ్యం తన బలహీనతేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు సరైనదో తేల్చుకోవాలంటే, ఆయన జిల్లాలోనే దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట సిపాయిలకు ఏం జరిగిందో చూడాలి.

గంజాం నుంచి గుంటూరు వరకు ఉన్న తీరాన్ని ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారులు అనేది. బందరు, సామర్లకోట, శ్రీకాకుళం వంటి చోట్ల మద్రాసు సైన్యపు దళాలు ఉండేవి. ఆ సిపాయి ఒంటరివాడు కాదు. లైన్లలో భార్యాబిడ్డలతో కాపురం చేస్తూ, జీతం డబ్బుతో బియ్యం కొనుక్కునేవాడు. ఈ సిపాయిలలో ఒక వ్యాధి తరచుగా కనిపించేది. కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక తడబడటం, ఒళ్ళు వాచి ఆయాసం రావడం, కొందరిలో హఠాత్తుగా గుండె ఆగిపోవడం. అదే బెరిబెరి.

ఈ వ్యాధి మీద జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ అనే సైనిక వైద్యుడు రాసిన గ్రంథం 1835లో మద్రాసులో అచ్చయింది. బెరిబెరి మీద వచ్చిన తొలి సమగ్ర రచనల్లో అది ఒకటి. తీరానికి దూరమయ్యేకొద్దీ వ్యాధి అరుదవుతుందనీ, ఆ ప్రాంతంలో కొన్ని నెలలు కాపురమున్నాకే పట్టుకుంటుందనీ ఆనాటి వైద్యులు గమనించారు. గమనిక గొప్పదే. కాని వారు ఎక్కువగా శంకించింది గాలిని, తేమను, నేలను. మందుల్లో యునానీవారి తిర్యాక్ ఫారూక్ ఒకటి, మాల్కంగుణి గింజల నుంచి తీసిన నల్లనూనె మరొకటి. ఆ నూనెలో విశాఖపట్నం, ఏలూరు ప్రాంతాలది మేలైనదని ప్రతీతి. రోగిని వేరే ప్రాంతానికి పంపడం కూడా చికిత్సలో భాగం. అది కొంత పనిచేసేది. గాలి మారిందని వైద్యుడు సంతోషించేవాడు. గాలితో పాటు కంచంలో తిండి కూడా మారిందన్న సంగతి ఎవరి దృష్టికీ రాలేదు.

బియ్యపు తవుడులో ఉండే థయమిన్, అంటే బి1 విటమిన్, లోపించడమే బెరిబెరికి కారణమని ఈనాడు వైద్య విద్యార్థులందరికీ తెలుసు. అయితే 1835లో బియ్యపు మరలు లేవు కదా, దంపుడు బియ్యం తినేవాడికి బెరిబెరి ఎందుకు వచ్చిందన్న సందేహం కలుగుతుంది. దీనికి నాకు తోచిన సమాధానం ఇది. రోకటితో కూడా బియ్యాన్ని తెల్లగా వచ్చేదాకా దంపవచ్చు. ఆపైన నాలుగు నీళ్ళు పోసి కడిగి, వండి గంజి వార్చేస్తే, నీటిలో కరిగే ఈ విటమిన్ మరికొంత పోతుంది. పప్పు, కూర తక్కువై కంచమంతా అన్నమే అయినప్పుడు ఆ లోటు పూడ్చేది ఏదీ మిగలదు. తర్వాతి కాలపు పరిశీలనలు ఈ ఊహకు బలమిస్తున్నాయి. 1930లు, 40లలో కూనూరు పరిశోధకులు మద్రాసు రాష్ట్రంలో బెరిబెరిని పరిశీలించినప్పుడు, అది మరపట్టిన పచ్చిబియ్యం తినే తెలుగు తీరపు జిల్లాల్లోనే ప్రబలంగా ఉంది. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో లేదు. వడ్లను ఉడికించినప్పుడు పైపొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత మరపట్టినా చాలావరకు నిలుస్తుంది.

ఇదే వ్యాధి జపాన్ నౌకాదళాన్ని కూడా పీడించింది. 1882–83లో ర్యూజో అనే శిక్షణ నౌకలో 376 మంది వెళ్తే, 169 మందికి బెరిబెరి సోకింది, 25 మంది చనిపోయారు. నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో 1884లో త్సుకుబా అనే మరో నౌకను దాదాపు అదే దారిన, తిండి మాత్రం మార్చి పంపించాడు. మాంసం, పాలు, రొట్టె పెంచి, తెల్లబియ్యం తగ్గించాడు. ఈసారి వ్యాధి కొద్దిమందికే వచ్చింది, ఒక్కరూ చనిపోలేదు. మాంసకృత్తుల కొరతే కారణమన్న తకాకి సిద్ధాంతం తప్పు. ఆయన మార్చిన కంచం మాత్రం ఒప్పు. జపాన్ పదాతి సైన్యం ఆయన మాట వినలేదు. సైన్యంలో చేరే పేద పల్లెటూరి యువకుడికి రోజూ తెల్లన్నం దొరకడం పెద్ద గౌరవం. ఆ గౌరవాన్ని తీసివేయడానికి అధికారులు ఇష్టపడలేదు. సూక్ష్మజీవి కనబడితేనే కారణమని నమ్మే సైనిక వైద్యులు వారికి తోడయ్యారు. వారిలో ప్రసిద్ధ నవలా రచయిత మోరి ఓగాయ్ ఒకరు. 1904–05 రష్యా యుద్ధంలో ఇరవై ఏడు వేలకు పైగా జపాన్ సైనికులు బెరిబెరితో మరణించారు.

అసలు కారణం దారి దొరికింది కూడా ఒక సైనిక ఆసుపత్రిలోనే. బటావియాలో డచ్చి సైనిక వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్ పెంచుతున్న కోళ్ళకు 1889లో బెరిబెరి లాంటి పక్షవాతం వచ్చి, కొన్ని నెలలకు దానంతటదే పోయింది. విచారిస్తే తెలిసిందేమంటే, ఆ నెలల్లో వాటికి సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం పెట్టారు. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నం పౌరుల కోళ్ళకు పెట్టనన్నాడు. ముడిబియ్యానికి తిరిగిన కోళ్ళు కోలుకున్నాయి. ఈ పరిశోధనకు ఐక్మన్ 1929లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

ఇక మేమున్న ఈ గల్ఫ్ చివరన, బస్రాకు ఎగువన టైగ్రిస్ నది ఒడ్డున ఉన్న కూత్ పట్టణానికి వద్దాం. 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ 29న లొంగిపోయేదాకా తుర్కులు అక్కడ బ్రిటిష్ ఇండియా సేనను ముట్టడించారు. ఒకే కోటలో, ఒకే ఎండలో ఉన్న రెండు జట్లకు రెండు వేర్వేరు జబ్బులు వచ్చాయి. తెల్లపిండి రొట్టె తిన్న బ్రిటిష్ సైనికులకు బెరిబెరి. ముడి గోధుమపిండి తిన్న భారతీయులకు అది రాలేదు గాని, గుర్రపుమాంసం ముట్టకపోవడంతో, కూరగాయలూ లేకపోవడంతో, స్కర్వీ వచ్చింది. తెల్లపిండి అయిపోయి బ్రిటిష్ వారికి కూడా ముడిపిండి, బార్లీ పెట్టవలసి వచ్చాక వారి బెరిబెరి తగ్గింది. మందు వల్ల కాదు, ఉపన్యాసం వల్ల కాదు, గిడ్డంగిలో సరుకు మారడం వల్ల.

ఈ కథలో మన తెలుగువారికి తగిలిన దెబ్బ మరొకటుంది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, దక్షిణాది సిపాయికి యుద్ధయోగ్యత లేదని తేల్చాడు. యుద్ధజాతుల సిద్ధాంతం బలపడి, తెలుగువారిని సైన్యంలో చేర్చుకోవడం క్రమంగా తగ్గిపోయింది. ఆ తర్వాత 1920లలో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ఒకే జాతి ఎలుకలను గుంపులుగా విడదీసి, భారతదేశపు వివిధ ప్రాంతాల ఆహారాలు పెట్టి పెంచాడు. ముడి గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్న ఎలుకలు బలిష్ఠంగా పెరిగాయి. దక్షిణాది బియ్యపు తిండి తిన్నవి గిడసబారాయి. ఎలుకల నుంచి మనుషులకు నేరుగా లెక్క కట్టలేం. కాని పుట్టుకకు అంటగట్టిన లోపాల్లో కొన్నైనా కంచానికి సంబంధించినవని అనుమానించడానికి అది చాలు. కూనూరులో 1918లో బెరిబెరి విచారణగా మొదలైన ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక దారిన వెళ్ళే మనలో చాలామందికి దాని వేళ్ళు బెరిబెరిలో ఉన్నాయని గుర్తుండదు.

ఈ ఉదాహరణలన్నిటిలో నాకు కనిపించేది ఒక్కటే. సైనిక సమూహంలో ఆరోగ్యం సైనికుడి సంకల్పం మీద కన్నా అతని తిండినీ దినచర్యనూ నిర్ణయించేవారి మీద ఎక్కువ ఆధారపడుతుంది. అది అతని బలం, అతనికి ప్రమాదం కూడా. మంచి నిర్ణయం ఒక్కటి వేలమందిని కాపాడుతుంది. చెడు నిర్ణయం ఒక్కటి వేలమందిని చంపుతుంది. ఆ నిర్ణయించేవారు పక్కకు తప్పుకున్న రోజున, అంటే పింఛను వచ్చిన రోజున, సైనికుడు ఎన్నడూ అభ్యాసం లేని పనిని ఒంటరిగా చేయవలసి వస్తుంది. ఖతార్ 2014లో యువకులకు జాతీయ సేవను చట్టం చేసింది. వ్యాయామం కోసం 2012 నుంచి ఏటా ఫిబ్రవరి రెండో మంగళవారం దేశమంతటికీ సెలవిస్తోంది. ఇవి మంచి ప్రయత్నాలు. శిబిరంలో అలవడినది శిబిరం వెలుపల ఎలా నిలుస్తుందన్నదే ఇక్కడైనా, మన దేశంలోనైనా మిగిలిన ప్రశ్న.

నా రోగికి నేను తొలిసారి రాసిచ్చిన సలహా “అన్నం తగ్గించండి” అని. ఆయన తినేది యాజమాన్యం నడిపే మెస్సులో అని, అక్కడ రాత్రిపూట అన్నం తప్ప మరొకటి ఉండదని నేను అడగనే లేదు. మాల్కమ్‌సన్ కాలపు వైద్యులు గాలిని చూసినట్టే నేను రక్తపరీక్ష కాగితాన్ని చూశాను. రెండోసారి వచ్చినప్పుడు మెస్సు చూసుకునే మనిషి నంబరు తీసుకుని ఫోన్ చేశాను. రాత్రికి చపాతీ, పప్పు పెట్టడానికి అతను ఒప్పుకున్నాడు. అక్కడ తినేవారంతా మా రోగి లాంటివారే కాబట్టి, ఒక్క ఫోనుతో అందరి కంచమూ కొంత మారింది. పొద్దుటి నడకకు మాత్రం ఇప్పటికీ ఎవరూ ఆజ్ఞ ఇవ్వడం లేదు. అందుకని ఆయనా, అదే గదిలో ఉండే మరో మాజీ జవానూ వంతులవారీగా ఒకరినొకరు లేపుకుంటున్నారు.