నెత్తురు పోయే పేగు, గడ్డకట్టే నెత్తురు

పెద్దపేగులో వాపు, పుండ్లు తెచ్చే అల్సరేటివ్ కొలైటిస్ ముదిరినప్పుడు విరేచనంతో పాటు నెత్తురు పోతుంది. అదే రోగికి కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో నెత్తురు గడ్డకట్టే ముప్పు ఆరోగ్యవంతుల కంటే ఎక్కువ. ఈ చిక్కును అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు బార్గెన్, బార్కర్ 1936లోనే రాసి పెట్టారు. ఆ తర్వాత వైద్యం రెండు ఎదురెదురు దారులు పట్టింది. ఒకటి గడ్డకట్టడాన్ని ఆపాలంది, ఇంకొకటి దానికి బలం చేకూర్చాలంది. రెండూ గమ్యం చేరలేదు. గడ్డకట్టడాన్ని పెంచడమో తగ్గించడమో చాలనుకోవడమే రెండింటిలోని లోపమని నా వాదన.

మొదటి దారిలోని మందు హెపారిన్. 1916లో జాన్స్ హాప్కిన్స్‌లో చదువుతున్న జే మెక్లీన్ పరిశోధనతో దాని చరిత్ర మొదలైంది. హెపారిన్ ఇచ్చిన రోగుల్లో కొలైటిస్ కూడా తగ్గుముఖం పట్టిందని 1991లో ఐర్లాండ్ వైద్యులు లాన్సెట్‌లో ప్రకటించారు. నెత్తురు పోతున్న మనిషికి నెత్తురు పల్చబరిచే మందు ఇవ్వడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి ఆధారమూ ఉంది: హెపారిన్‌కు వాపును తగ్గించే గుణం కూడా కొంత ఉంది. కానీ 2000లో స్టెరాయిడ్‌తో పోల్చి చూసిన స్పెయిన్ పరీక్షలో అది పనిచేయలేదు, పైగా కొందరికి రక్తస్రావం పెరిగింది.

రెండో దారి ఫ్యాక్టర్ 13ది. నెత్తురు గడ్డను అల్లే ఫైబ్రిన్ అనే ప్రొటీన్ దారాలను ఒకదానికొకటి గట్టిగా కుట్టేసే ప్రొటీన్ ఇది. దాని పని ప్రయోగశాలలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మామూలు గడ్డను గాఢమైన యూరియా ద్రావణంలో వేస్తే అలాగే ఉంటుంది. ఫ్యాక్టర్ 13 లేని గడ్డ కరిగిపోతుంది. 1948లో లాకి, లొరాండ్ ఈ అంశం వెల్లడించారు. 1960లో స్విట్జర్లాండ్‌లో పుట్టుకతోనే ఈ లోపమున్న బాలుణ్ణి వైద్యులు గుర్తించాక, ఈ ప్రొటీన్‌కు గాయాలు మానడంతోనూ సంబంధం ఉందని తేలింది. కొలైటిస్ తీవ్రంగా ఉన్నవారి నెత్తురులో అది తక్కువగా కనిపించడంతో, ఎక్కిస్తే పుండ్లు మానతాయన్న ఆశ సహజంగానే పుట్టింది. స్టెరాయిడ్‌కు లొంగని రోగులపై జర్మనీలో జరిపి 1999లో ప్రచురించిన పరీక్షలో ఆ ఆశ నెరవేరలేదు. పుండ్ల దగ్గర ఖర్చయిపోవడం వల్లే అది తగ్గిందనుకుంటే, లోటు పూడ్చినంత మాత్రాన జబ్బు తగ్గకపోవడంలో వింత లేదు.

అలాగైతే ఈ ప్రొటీన్లు జబ్బుకు గుర్తులే తప్ప కారకాలు కావని ఎవరైనా అనవచ్చు. బలమైన అభ్యంతరమే. దానికి జవాబు ఎలుకల్లో దొరికింది. గడ్డకట్టే శక్తి చెక్కుచెదరకుండా, తెల్లకణాలకు అంటుకునే భాగం మాత్రమే పోయేలా, ఫైబ్రిన్‌కు మూలమైన ఫైబ్రినోజెన్‌ను మార్చిన ఎలుకలను 2004లో అమెరికా శాస్త్రవేత్తలు వర్ణించారు. రసాయనంతో కొలైటిస్ రప్పించినప్పుడు వాటి పేగులో వాపు తగ్గిందని 2010లో మరో పరిశోధన చూపింది. అంటే ఒకే ప్రొటీన్‌లో గడ్డకట్టే పని వేరు, మంట రాజేసే పని వేరు. రెండోదాన్ని మాత్రమే అడ్డుకునే మందు మనుషుల్లో పనిచేస్తుందని ఇది రుజువు చేయదు. ఏది వెతకాలో మాత్రం చెబుతుంది. ఈలోగా తీవ్రమైన కొలైటిస్‌తో ఆసుపత్రిలో చేరినవారికి వైద్యులు నేటికీ హెపారిన్ ఇస్తున్నారు, పేగు నయం కావడానికి కాదు, 1936లో రాసి పెట్టిన ఆ ముప్పును ఆపడానికి.