మువ్వల బండి

రండర్రా, మంట దగ్గరికి జరగండి. తేగలు ఇంకా కాలలేదు, బూడిదలోనే ఉండనీండి. పుష్యమాసం చలికి తోడు బోడికొండ మీంచి దిగే గాలి, నడుముకి దుప్పటి చుట్టుకోకపోతే రాత్రంతా దగ్గే.

మన చిన్నోడు మొన్న సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే రోడ్డు పక్కన దుప్పి కనిపించిందంట. ఫోటో తీద్దామని మోటారు సైకిలు ఆపాడంట. అది చెట్లలోకి దూరిపోయింది. "చప్పుడు చెయ్యలేదు తాతా, ఇంజను కూడా కట్టేశాను" అని పొద్దున్నించి అదే బాధ. ఒరే, ఇంజను కట్టేశావు గనకే పోయింది. నీ దారిన నువ్వు పోయుంటే నిన్ను చూస్తూ అక్కడే నిలబడేది. ఇది నాకు పుస్తకంలో తెలిసిన మాట కాదు. పన్నెండేళ్ల వయసులో ఎడ్ల పగ్గం పట్టుకుని నేర్చుకున్నాను, ఏడ్చి మరీ నేర్చుకున్నాను.

అప్పట్లో ఈ ఊళ్లో మోటారు అంటే వింత. నెల్లిమర్ల రైలుకి వెళ్లాలన్నా, సంతకి వెళ్లాలన్నా ఎడ్లబండే. భీష్మ ఏకాదశికి రాములోరి కళ్యాణం వస్తే చాలు, నాలుగు దిక్కుల నించీ బళ్లు. తెల్లారేసరికి చెరువు గట్టు పొడుగునా బళ్లు విప్పేసి, కింద వంటలు చేసుకుంటూ కనిపించేవారు జనం. ఆ బళ్లన్నీ కొండల పక్కనించే కదా వచ్చేవి. దుప్పులు పుట్టిన దగ్గర్నించీ చూస్తున్నవి ఆ బళ్లనే. ఇరుసు కిర్రుమనడం, ఎడ్ల మెడలో మువ్వలు, గడ్డి వాసన, పేడ వాసన. వీటిల్లో ఏదీ వాటికి కీడు చేసింది కాదు. మా మెట్టచేను కొండ మొదట్లో ఉండేది. చోళ్లు కోసే రోజుల్లో చీకటితో బండి కట్టుకుని వెళ్తే, యాభై అడుగుల దూరంలో దుప్పులు మేస్తూ ఉండేవి. తలెత్తి చూసేవి, చెవులు ఇటు తిప్పేవి, మళ్లీ తల దించేసుకునేవి. మా అయ్య వాటిని అదిలించేవాడు కాదు. "తిన్నంత తిననీరా, తెల్లారితే అవే పోతాయి" అనేవాడు.

ఆ ఏడు పట్నం నించి ఒకాయన వచ్చాడు. తుపాకీ ఉంది, దానికి లైసెన్సూ ఉంది. ఆ రోజుల్లో వేట తప్పు కాదు. బండి కావాలి, కుర్రాడు కావాలి అన్నాడు. అయ్యకి శిస్తు కట్టాల్సిన రోజులు, ఒప్పుకున్నాడు. నేను సంబరంగా పగ్గం పట్టుకున్నాను. తీరా చూస్తే ఆయన బండి ఎక్కలేదు. కొండ లేని వైపు, చక్రం పక్కన వంగి నడిచాడు. "నేను ఆగిపోయినా నువ్వు ఆగకు. వెనక్కి చూడకు. మామూలుగా తోలుకుంటూ పో" అన్నాడు. దుప్పుల కళ్లన్నీ కదిలే బండి మీదే ఉంటాయి. బండి ముందుకి పోతే చూపు బండితో పాటే పోతాది, వెనక పొదలో కూలబడ్డ మనిషి కనపడడు. అదీ ఆయన ఎత్తు.

నేను తోలుకుంటూ పోయాను. మువ్వలు మోగుతున్నాయి. తుపాకీ పేలింది.

మంద లేచి పరిగెత్తింది. కొంత దూరం పోయి ఆగి, వెనక్కి తిరిగింది. ఇప్పటికీ నా కళ్లకి కట్టినట్టు ఉంటాది ఆ చూపు. తుపాకీ పట్టుకున్న మనిషిని చూడలేదవి. నన్నూ, బండినీ చూశాయి. వాటి లెక్కలో ఆ చప్పుడు బండిలోంచే వచ్చింది. కాల్చింది మేమే.

మర్నాటి నించి మా మువ్వలు వినిపిస్తే చాలు, దుప్పులు ఇంకా చీకట్లో ఉండగానే కొండెక్కేసేవి. ముందు ఓ కూత, ఆపైన గిట్టలు నేలకేసి కొట్టిన చప్పుడు, తెల్లటి తోకలు పైకి లేపి ఒకటే పరుగు. అయ్య రెండ్రోజులు చూశాడు. మూడోనాడు ఎడ్ల మెడలోంచి మువ్వలు విప్పి అటక మీద పడేశాడు. ఆ శిస్తు డబ్బు గురించి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇలాంటి మోసం మాతోనే మొదలైందనుకోకండి. రాజుల కాలంలో ఇంతకన్నా పెద్ద ఎత్తున జరిగింది. సివంగి అనేవారు పాతవాళ్లు, ఇప్పుడు మీరు చీతా అంటున్నారు. దాన్ని మచ్చిక చేసి, కళ్లకి గంత కట్టి, ఎడ్లబండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్లేవారు. ఇర్రి, అదే కృష్ణజింక, మనిషి నడిచొస్తే పావు మైలు దూరంలోనే పారిపోతాది. ఎడ్లబండి వస్తే మటుకు రైతు బండే కదా అని నిలబడతాది. బండిని అటూ ఇటూ తిప్పుతూ దగ్గరికి పోనిచ్చి, అప్పుడు గంత తీసేవారు. ఆ తర్వాత ఎంతసేపు? ఊపిరి తీసి వదిలేలోగా అయిపోయేది. మన విజయనగరం సంస్థానంలోనూ సివంగులు ఉండేవి. 1880లో, ఆనంద గజపతి వారి కాలంలో, విశాఖపట్నంలో గవర్నరు ఏజెంటుగా ఉన్న ఓ.బి. ఇర్విన్ అనే దొర వేటకి వెళ్లి మహారాజు గారి సివంగి మీద పడటంతో చచ్చిపోయాడు. మన దేశంలో సివంగి వల్ల మనిషి చనిపోయినట్టు రాతపూర్వకంగా ఉన్నది అదొక్కటే అంటారు. అడవిదైతే మనిషి జోలికి రాదు. మనిషి పెంచి, బండెక్కించి తిప్పినది చేసిన పని అది.

సివంగి కథ ముగిసింది కూడా బండి దగ్గరే. 1947లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానం రాజు రాత్రిపూట మోటారులో పోతుంటే, దీపాల వెలుగులో మూడు సివంగులు కూర్చుని కనిపించాయి. మూడింటినీ కాల్చేశారు. 1952 నాటికి దేశంలో సివంగి లేదని ప్రభుత్వమే చెప్పింది. డెబ్భై ఏళ్లకి, 2022 సెప్టెంబరులో నమీబియా నించి ఎనిమిదింటిని విమానంలో తెచ్చి కునో అడవిలో వదిలారు. టీవీలో చూశారు కదా మీరంతా.

ఆ తేగ తియ్యరా, మాడిపోతంది. నాకొద్దు, పళ్లు లేవు. మీరు తినండి.

మళ్లీ వేటకి వెళ్లావా తాతా అంటే, వెళ్లాను. నాకు ఇరవై ఏళ్లప్పుడు సాలూరు పైన అడవిలోకి జీపులో ఓ గుంపు వెళ్తుంటే వంటకి పిలిచారు. కూలి దొరుకుతాదని వెళ్లాను. గెడ్డలో నీళ్లు నిలిచే చోటు చూసుకుని చెట్టు మీద మంచె కట్టారు. జీపుని వంద గజాల దూరంలో, పొదల మాటున పెట్టి ఆకులు కప్పారు. మంచె మీద నలుగురం. రాత్రంతా ఒక్క జంతువూ దిగలేదు. అర్ధరాత్రి దాటాక కొండ మీంచి కణుజు ఒకటి "ఢాంక్" అని అరిచింది, అంతే. మాకు దారి చూపడానికి కొండదొరల ముసలాయన వచ్చాడు. రెండో రాత్రీ అలాగే పోయాక నవ్వి, మర్నాడు జీపు ఆగగానే నన్ను దగ్గరికి తీసుకెళ్లి చెవి ఆనించి వినమన్నాడు. ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. పెట్రోలు వాసన, చెమట వాసన, తలుపులు వేసిన చప్పుడు. "బండి వచ్చినందుకు వాటికి భయం లేదు బాబూ, బండి వెళ్లిపోలేదని భయం" అన్నాడు.

మూడో రాత్రి ఆయన చెప్పినట్టే చేశారు. మంచె కింద జీపు నెమ్మదించింది, ఇంజను కట్టలేదు, మనుషులు నోరెత్తకుండా దిగారు, జీపు అలాగే సాగిపోయింది. నేను మంచె మీద ఉన్నాను. గంట గడిచిందో లేదో, ముందుగా ఓ ఆడ దుప్పి వచ్చింది. నీళ్ల ఒడ్డున ముందు కాలు పైకెత్తి అలాగే నిలబడిపోయింది. ఎక్కడో లోయ మలుపులో జీపు చప్పుడు ఇంకా సన్నగా వినిపిస్తోంది. రెండు చెవులూ అటే పెట్టింది. ఆ చప్పుడు బొత్తిగా ఆగిపోయాక కాలు దించి, మూతి నీళ్లలో పెట్టింది. అంత జాగ్రత్తగా విని, అంత లెక్క చూసుకుని, ఇక పరవాలేదనుకున్నాక తాగింది. అప్పుడు పేల్చారు.

మరుసటేడు అదే మంచె, అదే ఎత్తు. పది రోజులున్నా ఏవీ రాలేదంట. నేను వెళ్లలేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. చక్రాలున్న బండి మీంచి గానీ, ఇంజనుతో నడిచే దాని మీంచి గానీ వేటాడకూడదని, మోటారుతో తరమకూడదని, నీళ్ల రేవు దగ్గర కాపు కాయకూడదని, రాత్రిపూట దీపం వేసి కాల్చకూడదని అందులో రాశారంట. ఊళ్లో మాస్టారు చదివి చెప్తే, ఆ "చక్రాలున్న బండి" అనే మాట దగ్గర నాకు గుండె పట్టేసింది. అందులో మా ఎడ్లబండీ ఉందన్నమాట. రాసినవాళ్లెవరో గానీ అన్నీ తెలిసినవాళ్లే. 1991లో ఆ వేట లైసెన్సులు కూడా తీసేశారు.

మీ నాయనమ్మ తరఫు చుట్టాలు బరంపురంలో ఉన్నారు కదా, ఓసారి పెళ్లికెళ్లినప్పుడు అస్కా వైపు తీసుకెళ్లారు. గంజాం పల్లెల్లో చేలల్లో ఇర్రులు మందలు మందలు. పొలం దున్నుతున్న ట్రాక్టరుకి పది బారల దూరంలో మేస్తున్నాయి! ఆ ఊళ్లవాళ్లు వాటిని ముట్టరు. అవి చేలో అడుగు పెడితే వానలు పడతాయని వాళ్ల నమ్మకం. పంట తిన్నా ఊరుకుంటారు. ఇప్పుడు ఆ జిల్లాలో అవి ఏడు వేలు దాటాయంట. నేను గట్టు మీద కూర్చుని, మా వాళ్లు పిలుస్తున్నా లేవలేదు. ఒక ఇర్రి, కొమ్ములు మెలికలు తిరిగి ఇంత పొడుగు, ట్రాక్టరు చాలు మలుపుకొచ్చినప్పుడల్లా రెండడుగులు పక్కకి జరిగి, మళ్లీ వెనక్కి వచ్చి అక్కడే మేసేది.

మన దుప్పులు మళ్లీ దగ్గరికి రాలేదా అంటున్నావా? వచ్చాయి. చేను దగ్గర తుపాకీ పేలిన మూడో ఏడు. మువ్వలు లేవు, ఎడ్లు కూడా మారాయి. చోళ్లు కోతకి చీకటితో వెళ్తున్నాం. చేను గట్టున ఒక్కటే నిలబడి ఉంది. మేం దగ్గరికి వస్తున్నా కదల్లేదు. నేను సంతోషం పట్టలేక "అయ్యా, అయ్యా, ఆపు" అని భుజం పట్టుకున్నాను. అయ్య నా చెయ్యి తీసేశాడు. పగ్గం బిగించలేదు, అటు తల కూడా తిప్పలేదు. బండి అదే నడకన దాని పక్కనించి వెళ్లిపోయింది.